ఎవరి గిన్నె మూత తీస్తారు? - అపార్ట్‌మెంటు విందులు, కులం

మన సాహిత్య విమర్శ ఇంతకాలం నవలల్నీ కవిత్వాన్నీ చదివింది. కథలో దళితుడు ఎక్కడ నిలబడ్డాడు, ఎవరి ముందు చేతులు కట్టుకున్నాడు, రచయిత అతని నోట ఏ భాష పలికించాడు అని నిలదీసి అడిగింది. ఆ పని ఇంకా చాలా మిగిలే వుంది. అయితే చదువుకున్న మధ్యతరగతి రోజూ చదివేది నవలలు కావు. అపార్ట్‌మెంటు నోటీసు బోర్డు, హోటలు మెనూ, ఆదివారం అనుబంధంలో 'ఇంటికి అతిథులొస్తే' అనే తరహా పేజీ, కార్తీకమాసంలో చేతులు మారే వనభోజనాల పిలుపు - ఇవీ ఆ తరగతి రాసుకునే, చదువుకునే పాఠాలు. వీటిల్లో చాలావాటిలో కులం పేరు కనపడదు. కులం పని మాత్రం జరిగిపోతూనే వుంటుంది. అందుకే ఈ వ్యాసంలో మేము వీటినే చదవదలిచాం.

పల్లెలో కులం వుంటే వుండొచ్చు, నగరంలో లేదు అని వాదించేవాళ్ళకి ఇవ్వాళ అపార్ట్‌మెంటే పెద్ద రుజువు. ఒకే గేటు, ఒకే మెట్లు, ఒకే నీళ్ళ ట్యాంకు. నిజమే. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్ళు తాగితే సవర్ణులు దాడులకు దిగారు, ఆ తర్వాత చెరువుని 'శుద్ధి' చేసుకున్నారు. ఇవ్వాళ మియాపూర్లోనో నిజాంపేటలోనో ఐదో అంతస్తు మీది ట్యాంకులోంచి దిగే నీళ్ళు నువ్వెవరని అడక్కుండా అన్ని ఇళ్ళ కుళాయిల్లోకీ పోతున్నాయి. ఇది తక్కువ మార్పని మేము అనం. మా ఊళ్ళో మా అమ్మ చేదబావి గట్టుకి దూరంగా బిందె పెట్టుకుని, ఎవరైనా వచ్చి చేది పోస్తారా అని పొద్దెక్కేదాకా నిలబడ్డ మనిషి. ఆమె బిడ్డలు కుళాయి తిప్పుకుంటున్నారు. నీళ్ళు కలిశాయి సరే, అన్నం కలిసిందా అన్నది మా ప్రశ్న.

అన్నం దాకా పోకముందు గేటు దగ్గర ఒక మాట చెప్పుకోవాలి. ఆ గేటు దాటి లోపలికి రావడమే అందరికీ సమానంగా లేదు. 2001 జనాభా లెక్కల్లోంచి హైదరాబాదుతో సహా ఏడు పెద్ద నగరాల వార్డుల్ని పరిశీలించి త్రినా వితయత్తిల్, గాయత్రి సింగ్‌లు 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక వ్యాసం రాశారు. మనుషులు ఎక్కడ కాపురముంటారన్నది డబ్బు కంటే కులాన్ని బట్టే ఎక్కువగా విడిపోయి వుందని తేల్చారు. 2015లో సుఖదేవ్ థోరాట్ బృందం ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ళ మీద చేసిన పరిశోధన ఇంకా సూటిగా వుంది. ఒకే రకం ఉద్యోగం, ఒకే రకం జీతం చెప్పుకున్నా, అగ్రకుల పేరుతో అడిగితే తలుపు తెరుచుకుంది, దళిత పేరుతో ముస్లిం పేరుతో అడిగితే చాలాచోట్ల మూసుకుంది. హైదరాబాదులో ఇల్లు వెతుక్కున్న మనవాళ్ళకి ఈ పరిశోధనలు కొత్త సంగతేమీ చెప్పవు. 'టులెట్' బోర్డు కింద 'వెజిటేరియన్స్ ఓన్లీ' అని వుంటుంది. లేకపోతే ఇంటావిడ నవ్వుతూ అడుగుతుంది - "మీరేమిట్లు?" ఈ రెండక్షరాల 'ఏమి' వెనకాల మొత్తం మనుధర్మం వుంది. దానికి సూటిగా జవాబు చెప్తే ఇల్లు వుండదు. చెప్పకపోతే రెండో ప్రశ్న వస్తుంది - "మీ ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపండీ?" 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షను, అంటరానితనం పేరుతో ఏ ప్రాంతంలోనైనా సరే ఇల్లు కొనుక్కోనివ్వకుండా, కాపురముండనివ్వకుండా అడ్డుకోవడం నేరమని చెప్తోంది. కానీ కేసు పెట్టాలంటే ఎవరో ఒకరు కులం పేరెత్తి కాదనాలి కదా! ఆమె కాదన్నది కూర వాసనని, కులాన్ని కాదు.

మా అక్క బ్యాంకు అప్పుతో కొన్న ఫ్లాటులో ఆమెతోపాటు మేము ఆరేళ్ళుగా వుంటున్నాం. ముప్పై ఫ్లాట్ల భవనం. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం మెట్లూ, టెర్రసూ, కమ్యూనిటీ హాలూ అందరి ఉమ్మడి ఆస్తి. వాటిలో ప్రతి ఫ్లాటుకీ విడదీయరాని వాటా వుంటుంది. రిజిస్ట్రేషను కాగితంలో ఆ వాటా గజాల లెక్కన రాసి వుంది, దానికి వడ్డీతో సహా మా అక్క ఇప్పటికీ కిస్తీలు కడుతోంది. ఆ ఉమ్మడి హాలు తలుపు మీద అసోసియేషను అంటించిన నియమాల్లో మూడోది - హాలులో మాంసాహారం వండరాదు, వడ్డించరాదు, బయటినుంచి తెప్పించరాదు.

ఇది ఎవరి నియమం? మెజారిటీ అభిరుచి అంటారు. 2014లో రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం జరిపిన ఎస్.ఆర్.ఎస్. బేస్‌లైన్ సర్వే ప్రకారం పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో మాంసాహారులు తెలంగాణలో 98 శాతం పైచిలుకు. దేశంలోనే అందరికంటే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ కూడా దాదాపు అంతే. మా భవనంలో ఆదివారం పదింటికి ఏ అంతస్తులో దిగినా మసాలా వాసన, కుక్కర్ల కూతలు. అంటే ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది ఇళ్ళు తమ వంటింట్లో తింటూ, తమ హాలులో తినకూడదని తామే ఓటేసుకున్నాయి. ఇందులో రుచికి సంబంధించింది ఏమీ లేదు. నలుగురిలో కనపడేటప్పుడు ఎవరిలా కనపడాలి అనే నిర్ణయం ఇది. ఆ 'ఎవరిలా' అన్నచోట బ్రాహ్మణ వంటిల్లు కూర్చుని వుంది. శూద్ర అగ్రకులాలు కోడినీ వేటనీ తమ ఇంట్లో వుంచుకుని, పప్పునీ పులిహోరనీ ఉమ్మడి స్థలంలో పెట్టి, దానికి 'అందరికీ ఇబ్బంది లేకుండా' అని పేరు పెట్టుకున్నాయి. కోస్తాలో మాంసాన్ని 'నీచు' అంటారు. "నీచు తింటారా?" అని మామూలుగా అడుగుతారు. తిండికీ మనిషికీ ఒకే మాట అమర్చిపెట్టిన భాష మనది. వాసన గురించి మాట్లాడుతున్నామని వాళ్ళంటే మేము ఈ మాటనే గుర్తు చేస్తాం. విశ్వవిద్యాలయాలేమీ దీనికి అతీతం కాదు. 2023లో బొంబాయి ఐఐటీ మెస్సులో శాకాహారులకి విడిగా బల్లలు వేస్తే, నిరసనగా అక్కడ మాంసం తిన్న విద్యార్థికి పదివేల రూపాయల జరిమానా పడింది.

ఇక్కడ బంతి గురించి కొంచెం చెప్పాలి. ఊళ్ళో పెద్దిళ్ళ పెళ్ళికి పిలుపు మన వాడకీ వచ్చేది. వచ్చేది చాకిరీకి. పందిరి వేయడానికి, డప్పు కొట్టడానికి, కట్టెలు కొట్టడానికి, చివరికి విస్తళ్ళు ఎత్తడానికి. తిండి మాత్రం అన్ని బంతులూ అయిపోయాక, పందిరి అవతల, మన ఇంటినుంచి మనం తెచ్చుకున్న గిన్నెల్లోకి, గరిటె గిన్నెకి తగలకుండా పైనుంచి వేసేవాళ్ళు. ఇప్పుడు బఫే వచ్చింది. పళ్ళెం పట్టుకుని అందరూ ఒకే వరసలో నడుస్తారు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్న తగువే లేదు, ఎందుకంటే ఎవరూ కూర్చోరు. బఫే అంటరానితనాన్ని పోగొట్టిందని మా మిత్రుడొకాయన వాదిస్తాడు. బంతిలో కనపడే గీత ఒకటి బఫేలో కనపడకుండా పోయిందని ఒప్పుకుంటాం. కానీ బఫేలో అన్ని గిన్నెలూ ఒకరివే. పెట్టేవాడు ఒకడు, తినేవాళ్ళు అందరూ. తినే దగ్గర కూడా కులం కనపడొచ్చు, కానీ అది గట్టిగా పట్టుకునేది వండిన చేతిని. ఎవరు ఎవరి ఇంట్లో వండింది తింటారు అన్నదే అసలు ప్రశ్న. బఫే ఆ ప్రశ్నని అడగనివ్వదు.

పాట్‌లక్ అడుగుతుంది. ఇంటికొక వంట చేసి తెచ్చి అందరూ పంచుకు తినే ఈ పద్ధతి అమెరికా వెళ్ళొచ్చిన కుటుంబాలతో మన అపార్ట్‌మెంట్లలోకి కూడా చేరింది. మా భవనంలో ఒక ఉగాదికి అలా పెట్టారు. ఒక కాగితం అన్ని ఇళ్ళకీ తిరిగింది - ఫ్లాటు నంబరు, తెచ్చే వంటకం, ఎంతమందికి. కులం రాసే గడి లేదు. అక్కర్లేదు కూడా. మా హాల్లో బాబాసాహెబ్ ఫోటో వుంది, గ్యాసు మనిషికి తెలిసిన సంగతి పక్కింటికి తెలియకుండా వుంటుందా! మా అక్క నియమానికి లోబడి చింతచిగురు పప్పు వండింది, పెద్ద స్టీలు గిన్నె నిండా. బల్ల మీద ఇరవై రెండు గిన్నెలు, ఒక్కోదాని ముందు ఫ్లాటు నంబరు రాసిన చీటీ. మేము గోడకానుకుని చూస్తున్నాం. పరిశోధకులకి వుండే దురలవాటు ఇది.

ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అది ముందే చెప్పాలి. అందరూ పలకరించారు, పిల్లల చదువులడిగారు, మా అక్క చీర బాగుందన్నారు. చేతులు మాత్రం మా గిన్నె దగ్గరికొచ్చి, చీటీ చూసి, పక్క గిన్నెకి పోయాయి. "ఇవాళ శనివారమండీ, బయటివి ముట్టను," అన్నావిడ పళ్ళెంలో మూడిళ్ళ పులిహోర వుంది. "చింతచిగురు పడదండీ, వాతం," అన్నాయన పక్కింటి గోంగూర పచ్చడి రెండోసారి వేయించుకున్నాడు. ఇద్దరు తిన్నారు. ఒకరు పైఅంతస్తులో వుండే ముస్లిం కుటుంబం అమ్మాయి, ఇంకొకరు కాలేజీ కుర్రాడు, వాళ్ళమ్మ చూడకముందే. తొమ్మిదింటికి అక్క గిన్నె ఎత్తుకుంటే తెచ్చినంత బరువూ వుంది. ఇది కాకతాళీయం కావచ్చు కదా అని అడిగేవాళ్ళుంటారు. ఒక్క సాయంత్రాన్ని బట్టి మేమూ తేల్చం. కానీ ఈ ఆరేళ్ళలో మా ఇంటికొచ్చిన ఇరుగుపొరుగు ఏమేం తీసుకున్నారో మేము చూస్తూనే వున్నాం. అరటిపళ్ళు తీసుకుంటారు. కొట్టునుంచి తెచ్చిన స్వీటు డబ్బా తీసుకుంటారు, విప్పని బిస్కెట్టు పొట్లం తీసుకుంటారు. టీ దగ్గర "ఇప్పుడే తాగొచ్చామండీ" మొదలవుతుంది. అన్నం దగ్గరికైతే ఎన్నడూ రాలేదు. పచ్చివీ కొన్నవీ ముట్టొచ్చు, నిప్పుమీద వండినవి కూడదు - ఇది ఏ ధర్మశాస్త్రం చదివితే వచ్చిన జ్ఞానమో గానీ, ఐటీ కంపెనీలో పనిచేసే వాళ్ళకి కూడా అక్షరం పొల్లుపోకుండా తెలుసు.

మరుసటి ఉగాదికి పాట్‌లక్ వద్దనుకున్నారు. ఎవరికీ శ్రమ లేకుండా కేటరింగ్ చెప్పారు. అసోసియేషను పంచిన కరపత్రం మీద 'బ్రాహ్మణ వంటవారిచే శుచిగా, రుచిగా' అని వుంది. రాష్ట్రంలో ఎక్కడ చూసినా కనపడే మాటే ఇది, ఎవరికీ వింతగా తోచదు. ఎవరినీ కాదనకుండానే మా గిన్నె సమస్య తీరిపోయింది.

సహపంక్తి భోజనాలతో కులం పోతుందనుకున్నవాళ్ళ చరిత్ర మనకుంది, దాన్ని తక్కువ చేయకూడదు. 1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ తన ఈళవ కులస్తుల్ని పులయల పక్కన కూర్చోబెట్టి మిశ్రభోజనం పెట్టించాడు. సొంత కులమే ఆయన్ని వెలేసింది, 'పులయ అయ్యప్పన్' అని ఎగతాళి చేసింది. ఆ పేరుని ఆయన బిరుదులా మోశాడు. 1936లో 'కుల నిర్మూలన' రాసినప్పుడు అంబేద్కర్ ఈ దారి చాలదని స్పష్టంగా చెప్పాడు. కలిసి తినే కులాలు ఎన్నో వున్నాయి, అయినా వాటి మధ్య కుల స్పృహ చావలేదు, కులాంతర వివాహమే అసలు మందు, దానికీ అడ్డుపడేది శాస్త్రాల పట్ల వున్న భక్తి అన్నది ఆయన వాదం. మేము దానికి ఒక మాట చేరుస్తాం. కలిసి తినడంలో కూడా ఒక దిశ వుంది. పైనుంచి కిందికి అన్నం ఎప్పుడూ పారింది - కూలికిచ్చిన గింజలుగా, పండగనాటి మిగులుగా, అన్నదానంగా. కిందినుంచి పైకి పారడమే లేదు. దళితవాడలో భోజనం చేసే నాయకుల ఫోటోలు ఇందుకే మనకి నవ్వు తెప్పిస్తాయి. 2017లో కర్ణాటకలో ఒక పెద్ద పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు దళితుల ఇంట్లో కూర్చుని హోటలు నుంచి తెప్పించిన ఇడ్లీలు తిన్నాడని పత్రికలు రాశాయి. గడప దాటాడు గానీ పొయ్యి దాకా రాలేదు!

ఇంటికి పిలిచి మర్యాద చేయడమనేది తెలుగింట్లో ముందునుంచీ ఆడవాళ్ళ చేతిలో పెట్టిన పని. దానికి మనకున్న పేరు పేరంటం. శ్రావణ శుక్రవారం, బొమ్మల కొలువు, అట్ల తద్ది. పసుపు, కుంకుమ, జాకెట్టు గుడ్డ, శనగలు. పత్రికల మహిళా పేజీలు ఈ పేరంటాన్ని తీసుకుని, ఫ్లాటుకి సరిపడా కుదించి, కొత్త పేరుతో ప్రతి ఏటా అచ్చు వేస్తాయి. చిన్న హాలులో పదిమందిని ఎలా కూర్చోబెట్టాలి, అరటాకు లేకపోతే ఏం వాడాలి, వెండి భరిణె ఎలా తోమాలి, అరగంటలో ఐదు రకాల ప్రసాదాలు ఎలా చేయాలి. ఈ పేజీ ఊహించుకునే ఇల్లాలికి పూజగది వుంటుంది, బాల్కనీలో తులసికోట వుంటుంది, పేరుకి చివర ఏముంటుందో చెప్పక్కర్లేదు. 'మన సంప్రదాయ వంటలు' అంటే ముద్దపప్పు, బొబ్బట్లు, పులిహోర. ఎవరి సంప్రదాయం? మా ఇంట్లో చుట్టాలొస్తే మా అమ్మ దండెం మీద ఆరిన తునకలు దించి, గోంగూర వేసి వండేది. ఎండుచేపలు నిప్పుల మీద కాల్చేది. అతిథి మర్యాద అంటే మాకు అదే. అది ఏ అనుబంధంలోనూ 'ఐడియా'గా రాలేదు. మరాఠ్వాడా దళితుల వంటల గురించి షాహూ పటోలే 2015లో మరాఠీలో రాసిన పుస్తకం ఇంగ్లీషులోకి రావడానికి 2024 దాకా పట్టింది. తెలుగులో మన వంటింటి పుస్తకాన్ని మనమే రాసుకోవాలి. మన తల్లులు పోతున్నారు, తొందరపడాలి కూడా.

పేరంటంలో స్త్రీవాదులు వితంతువుని పిలవకపోవడం గురించి రాశారు, మంచిదే. పిలవని రెండో మనిషి గురించి అంతగా రాయలేదు. మా అక్కకి వరలక్ష్మీ వ్రతం తాంబూలం ఏటా తలుపు దగ్గరికే వస్తుంది. "మీరు ఆఫీసునుంచి లేటవుతారు కదా మేడమ్, అందుకని ఇచ్చిపోదామని." ఎంత ఆలోచించి పెట్టిన మర్యాదో చూడండి.

బయటి హోటళ్ళ సంగతి వేరే కథ. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ దాకా రోడ్డుకి రెండువైపులా బోర్డులు చదువుకుంటూ పోండి. రెడ్డి గారు, రాజు గారు, చౌదరి గారు, రాయుడు గారు, పంతులు గారు - పులావుకీ పచ్చడికీ మెస్సుకీ ఒక్కో కులం ఇంటిపెద్దగా నిలబడి వుంటుంది. కులం ఇక్కడ దాక్కోదు, రుచికి హామీ సంతకంలా వెలిగిపోతుంది. మాల పేరుతో, మాదిగ పేరుతో హోటలు బోర్డు మాకైతే ఒక్కటీ కనపడలేదు. పెట్టుబడి లేక అని మాత్రమే అనుకుంటే పొరపాటు, ఆ పేరు పెట్టి పెట్టుబడి పెడితే మునుగుతుందని అందరికీ తెలుసు. విచిత్రమేమంటే మన తిండి ఆ హోటళ్ళలోకి వెళ్ళింది. బోటి, తలకాయ, కాళ్ళ పులుసు, నల్ల - మంచి ముక్కలు ఊరికి పోగా వాడకి మిగిలినవాటితో మన ఆడవాళ్ళు కనిపెట్టిన వంటలివి. ఇప్పుడు ఇత్తడి గిన్నెలో, 'అచ్చమైన తెలంగాణ రుచులు' అనే శీర్షిక కింద దొరుకుతున్నాయి. జొన్నరొట్టె ఆరోగ్యం అయింది. వంట వచ్చింది, వండినవాళ్ళ పేరు రాలేదు. పెద్దకూర మాత్రం ఈ గౌరవానికి కూడా నోచుకోలేదు. సర్టిఫికెట్టుతో దున్న మాంసం అమ్మడాన్ని చట్టమే ఒప్పుకుంటుంది, అయినా అది పాతబస్తీ కళ్యాణి బిర్యానీ హోటళ్ళకే పరిమితం. 2012లో ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ పండగ చేస్తే రాళ్ళు పడ్డాయి. ఇరానీ హోటలు గురించి ఎవరైనా విడిగా రాయాలి. ఊళ్ళల్లో టీకొట్ల దగ్గర రెండు గ్లాసులు నడుస్తున్న కాలంలో నగరానికొచ్చిన మనవాళ్ళకి అడక్కుండా కప్పు సాసరు అందించిన జాగా అది. అక్కడి టీ రుచిలో ఆ సంగతి కూడా వుందని మా మేనమామ అనేవాడు.

హోటలు తిండి ఇంటికి వచ్చేటప్పుడు మళ్ళీ గేటు అడ్డం పడుతుంది. 2024 మార్చి 19న జొమాటో కంపెనీ 'శుద్ధ శాకాహారుల' కోసం ఆకుపచ్చ దుస్తుల్లో వేరే డెలివరీ దళాన్ని ప్రకటించింది. గొడవ కావడంతో మర్నాడే ఆకుపచ్చ దుస్తులు వెనక్కి తీసుకుంది, విడి దళాన్ని మాత్రం వుంచుకుంది. దుస్తులు ఎందుకు మానుకున్నారో కంపెనీ అధిపతి దీపిందర్ గోయల్ ఇచ్చిన వివరణ చదవదగ్గది. ఎర్రచొక్కా వాళ్ళు మాంసం మోసేవాళ్ళని ముద్రపడి కొన్ని రోజుల్లో సొసైటీలు వాళ్ళని లోపలికి రానివ్వకపోవచ్చు, కొందరు కస్టమర్లకి ఇంటి యజమానులతో చిక్కులు రావచ్చు అని. అంటే సొసైటీలు ఏం చేస్తాయో, ఇంటి ఓనర్లు ఏం చేస్తారో కంపెనీకి బాగా తెలుసు. కులం లేదనే నగరం గురించి ఒక వ్యాపారస్తుడు ఇచ్చిన సాక్ష్యం ఇది.

కార్తీకం వస్తే ముసుగు కూడా వుండదు. ఉసిరి చెట్టు కింద అందరూ కలిసి తినాలని పెట్టిన వనభోజనం ఇప్పుడు కులాల వారీ సమావేశం. కమ్మ వనసమారాధన, రెడ్ల వనభోజనాలు, కాపు, వెలమ, ఆర్యవైశ్య, బ్రాహ్మణ. ఆ ఆదివారాల్లో మా భవనం గేటు దగ్గర కాసేపు నిలబడితే చాలు - ఉగాదికి 'మనమంతా ఒకే కుటుంబం' అన్న ముప్పై ఇళ్ళు ఏ కారు ఏ తోటకి పోతుందో దాన్నిబట్టి విడివిడిగా తెలిసిపోతాయి. అక్కడ పెళ్ళి సంబంధాలు, కాంట్రాక్టులు, ఎన్నికల టిక్కెట్లు మాట్లాడుకుంటారు. కలిసి తినడానికీ పెళ్ళికీ వున్న లంకె వాళ్ళకి మనకంటే బాగా తెలుసు.

ఇదంతా ఎదుటివాళ్ళ గురించే రాసి ఊరుకుంటే అది విమర్శ కాదు. మనలో ఉద్యోగాలొచ్చిన వాళ్ళం కూడా ఇప్పుడు వనభోజనాలు పెట్టుకుంటున్నాం. కొన్నిచోట్ల అక్కడా పప్పూ పులిహోరే, నలుగురూ చూస్తారని. ఫ్లాటుకి మారాక పెద్దకూర మానేసి, కిటికీ మూసి ఎండుచేప వేయించుకునే ఇళ్ళు మాకు తెలుసు. మాలలూ మాదిగలూ ఒకరింట్లో ఒకరు తినడానికి వెనకాడే ఊళ్ళు ఇంకా వున్నాయి. డక్కలివాళ్ళ గిన్నెలో మాదిగ చెయ్యి పెట్టదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకి ఒప్పుకున్నాక ఉద్యోగాల వాటా గురించి ఎన్నో సభలు జరిగాయి. గిన్నెల గురించి ఒక్క సభ జరిగినట్టు వినలేదు. ఎవరి గిన్నె మూత తీస్తారని పైవాళ్ళని అడిగే గొంతు కిందివైపు కూడా తిరగాలి.

మా భవనం సెల్లారులో వాచ్‌మెన్ కుటుంబం వుంటుంది, పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు. ప్రతి విందు తర్వాతా గిన్నెలు కడిగేది ఆమే. మిగిలింది ఆమెకే పోతుంది, కేటరింగ్ వచ్చాక ఇంకా ఎక్కువ పోతోంది. విందు జరుగుతున్నంతసేపూ ఆమె పిల్లలు మెట్ల దగ్గర కూర్చుంటారు, పైకి రమ్మని ఎవరూ పిలవరు. 2023లో హైదరాబాదులోనే ఒక హౌసింగ్ సొసైటీ పనివాళ్ళూ, డ్రైవర్లూ, డెలివరీ కుర్రాళ్ళూ మెయిన్ లిఫ్టు ఎక్కితే వెయ్యి రూపాయల జరిమానా అని నోటీసు అంటించిన సంగతి బయటికొచ్చి కొన్నాళ్ళు గగ్గోలైంది. మా దగ్గర అలాంటి నోటీసు లేదు. ఒకటే లిఫ్టు, అయినా ఆమె మెట్లే ఎక్కుతుంది. ఆ ఉగాది రాత్రి మా పప్పు గిన్నె సెల్లారుకి దిగింది. మిగిలిందని చెప్పి ఇవ్వడానికి మా అక్కకి మనసొప్పలేదు. అన్నం కూడా తీసుకెళ్ళి అక్కడే నేలమీద కూర్చుని వాళ్ళతో కలిసి తినొచ్చింది. "చింతచిగురు మా అమ్మ లెక్కనే చేసినవక్కా," అందట ఆమె. ఆ తర్వాత రెండు మూడుసార్లు సర్వపిండి, ఒకసారి మక్కగుడాలు సెల్లారు నుంచి మా ఇంటికొచ్చాయి. మా భవనంలో వండిన గిన్నె ఒకటి ఎదురొచ్చిన దారి ఇదొక్కటే.

అసోసియేషను పండగల జాబితాలో సంక్రాంతి ముగ్గులు, ఉగాది, శ్రీరామనవమి పానకం, వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి, శాంతాక్లాజుతో కేకు కోసే క్రిస్మస్ వున్నాయి. (ఒక ఇంట్లో పదిమంది కూడి ప్రార్థన చేసుకుంటే మాత్రం శబ్దమని ఫిర్యాదు వెళ్ళింది.) వినాయకుడికి ఏ భవనంలోనైనా డబ్బుకి కొదవ లేదు. 1994లో బాలాపూర్‌లో 450 రూపాయలతో మొదలైన లడ్డూ వేలం 2024లో బండ్లగూడ జాగీర్‌లోని ఒక గేటెడ్ కమ్యూనిటీలో కోటీ 87 లక్షలు పలికింది. ఆ జాబితాలో ఏప్రిల్ 11 లేదు, 14 లేదు. నగరం నడిబొడ్డున 2023లో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది, అపార్ట్‌మెంటు హాలులో ఆయన ఫోటోకి మేకు కొట్టడానికి మాత్రం తీర్మానం కావాలి.

పోయిన మార్చిలో మా అక్క అసోసియేషనుకి దరఖాస్తు పెట్టింది. ఏప్రిల్ 14 సాయంత్రం హాలు కావాలి, అందరికీ భోజనాలు మా ఖర్చు, వంట మా ఇంట్లోనే, మెనూ అన్నం, చింతచిగురు పప్పు, కోడికూర. మూడో నియమాన్ని జనరల్ బాడీలో ఓటుకి పెట్టాలని రెండో పేరాలో రాసింది. కార్యదర్శి గారు స్వయంగా ఇంటికొచ్చారు, కుర్చీలో కూర్చున్నారు, మంచినీళ్ళు తాగారు. "మేడమ్, జయంతి చేసుకోండి, ఎవరు కాదంటారు? కాకపోతే కేటరింగ్ మాట్లాడేద్దాం, వంట మీకెందుకు శ్రమ," అన్నారు. శ్రమ కాదని అక్క చెప్పింది. ఆయన దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఏప్రిల్ 14 దాటిపోయింది, లిఖితపూర్వకంగా ఏ జవాబూ రాలేదు. దరఖాస్తు నకలు మీద ఆయన అందుకున్నట్టు పెట్టిన సంతకం, తేదీ మా దగ్గర వున్నాయి. వచ్చే జనరల్ బాడీ అజెండాలో ఆ అంశం చేర్చమని మళ్ళీ రాశాం. ఈసారి సంతకాలు మూడు. మూడోది పైఅంతస్తు అమ్మాయిది.